నల్ల పల్లకిలో తలకిందుల జనం

కంబుగిరి కోటగుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టగానే సోమిదేవుడు నడిబజారులో నిలబడిపోయాడు.

ఊరు అందమైనదేనని తెలుస్తూనే ఉంది. కానీ ఆ అందం ఎక్కడా కనబడదు. పాలరాతి మేడలన్నిటికీ ఈతచాపలు కట్టి ఉన్నాయి. ఏనుగుల తొండాలు, హంసల బారులు చెక్కిన స్తంభాలకు అడుగునుంచి చివరిదాకా గోనెపట్టాలు చుట్టేశారు. తోరణాల మీద సింహాల మొహాలకు మసి పూసేశారు. గుమ్మానికో బూడిదగుమ్మడికాయ వేలాడుతోంది. పసిపిల్లల బుగ్గలకే కాదు, గేదెల నుదుటికీ, నూతి గిలకలకీ, ఆరబోసిన ధాన్యం రాశులకీ కాటుక చుక్కలు పెట్టి ఉన్నాయి. ఎవరో ఒకాయన అప్పుడే క్షౌరం చేయించుకుని నున్నగా మెరుస్తున్న గుండుమీద కూడా చుక్క పెట్టించుకుని దర్జాగా నడిచిపోతున్నాడు.

"ఇదేం ఊరమ్మా కుందమ్మా?" అన్నాడు సోమిదేవుడు.

"నాకు ఆకలేస్తోంది. ఊరి సంగతి తర్వాత చూద్దాం" అంటూ అతనికి తోడుగా వచ్చిన కుందమ మిఠాయి కొట్టు వైపు నడిచింది.

కొట్టులో గంగాళాలన్నిటి మీదా తడిగుడ్డలు కప్పి ఉన్నాయి. కుందమ ఒక గుడ్డ అంచు ఎత్తబోతే కొట్టువాడు గరిటెతో ఆమె చెయ్యి మీద ఒక్కటిచ్చాడు.

"చూపు తగిలితే పాకం విరుగుతుంది! పరదేశిలా ఉన్నావు, మర్యాద తెలియదా? గుడ్డ కింద చెయ్యి పెట్టి తీసుకో."

"అరిసె అనుకుని జిలేబీ తీస్తే?"

"తీసిందే తినాలి. ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళు కూడా ఇలాగే అవుతాయి" అన్నాడు కొట్టువాడు.

చూపు తగిలి పాకం విరగడమన్న మాటకి సోమిదేవుడు పడీపడీ నవ్వాడు. ఎందుకంటే చూపు అనేది కంటిలోంచి ఈటెలా బయటికి దూసుకుపోయి వస్తువుకి తగులుతుందన్న నమ్మకంతోనే అతనికి జన్మంతా పోరు.

సోమిదేవుడిది గాజుపూసలకు పేరుపడ్డ కాచవరం. తండ్రి పూసలు ఊదేవాడు. పిల్లవాడు పూసలు గుచ్చడం మానేసి, ఒక్కో పూసనీ కంటికి ఆనించుకుని దానిలోంచి కొలిమినీ, కోడినీ, అమ్మ మొహాన్నీ చూస్తూ కూర్చునేవాడు. పెద్దయ్యాక కటికవాడిని బతిమాలి ఎద్దు కన్ను తెచ్చుకుని, ఉల్లిపాయ ఒలిచినట్టు పొర తరవాత పొర ఒలిచి చూశాడు. దీపాలు వరసగా పెట్టి, గోడకి చిల్లులు పొడిచి, వెలుగు ఎటునుంచి వచ్చి ఎటు పోతోందో నూలుదారం పట్టి కొలిచాడు. ఇంటిగోడలన్నీ జల్లెడ అయ్యాయి. భార్య ఆ గోల పడలేక పుట్టింటికి పోయి, అక్కడ కూడా తోచక తిరిగి వచ్చి, దీపాలు పట్టుకుని నిలబడింది. అలా తెలుసుకున్నదంతా కలిపి ఒక గ్రంథం రాశాడు. దాని సారం ఒక్కటే. కంటిలోంచి ఏదీ బయటికి పోదు. వెలుగే వస్తువు మీద పడి, అక్కడినుంచి తిన్నగా కంటిలోకి వస్తుంది.

కాచవరం రాజసభలో పండితులు పొట్టలు పట్టుకుని నవ్వారు. "అయితే మా కళ్ళు వీధితలుపులన్నమాట!" అన్నారు. "అవునండీ, తలుపులే. మీరు మూసుకుని కూర్చున్నారు" అన్నాడు సోమిదేవుడు. దాంతో గొడవ ముదిరింది. రాజు ఒక షరతు పెట్టాడు. శ్వేతగిరి మీద దొరికే స్ఫటికం తెచ్చి, చిన్నదాన్ని పెద్దదిగా చూపే బిళ్ళ సానపట్టి చూపిస్తే గ్రంథం సభలో చదివిస్తాడు. లేకపోతే ఏట్లో కలిపిస్తాడు. ఆ శ్వేతగిరికి దారి కంబుగిరి మీదుగానే ఉంది.

కుందమ గడల మీదా, తాళ్ళ మీదా ఆడే పిల్ల. దారిలో ఇద్దరూ ఒకే దొంగలముఠాకి చిక్కారు. ఆమె తాడు విప్పితే, అతను బందిపోటు నాయకుడి కళ్ళల్లోకి అద్దంతో ఎండ కొట్టాడు. అలా బయటపడ్డప్పటినుంచి కలిసి నడుస్తున్నారు. ఆయన ఎక్కడ మైమరిచి నిలబడిపోతాడో అని ఆమె ఎప్పుడూ ఒక కన్ను ఆయన మీద వేసే ఉంచుతుంది.

ఆ రోజూ అదే జరిగింది.

బజారు చివర నగారా మోగింది. "రాజమాత వస్తున్నారు! తిరగండి, తిరగండి!" అని కేకలు. క్షణంలో వీధి వీధంతా గోడలవైపు తిరిగిపోయింది. కూరలవాళ్ళు, కొనేవాళ్ళు, కుక్కని తరుముతున్న కుర్రాళ్ళు, అందరివీ వీపులే. ఓహోం ఓహోం అంటూ బోయీలు ఒక నల్ల పల్లకి మోసుకొస్తున్నారు. తోలుతో, దళసరి మఖమలుతో కప్పేసిన పల్లకి, ఒక్క సందు లేదు. పక్కన దున్నపోతు మీద ఎర్రటి కళ్ళ మాంత్రికుడు ఒకడు ఊరేగుతున్నాడు. అతని మెడలో ఆరిపోయిన ఇత్తడి దీపం వేలాడుతోంది.

కుందమ కూడా గోడవైపు తిరిగింది. తిరిగి పక్కన చూసుకుంటే సోమిదేవుడు లేడు.

ఆయన నడివీధిలో, సరిగ్గా దున్నపోతు దారికి అడ్డంగా, మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పైన చాపపందిరి చిల్లుల్లోంచి ఎండ నేలమీద చుక్కలుగా పడుతోంది. చిల్లులేమో నలుచదరం, చుక్కలేమో గుండ్రం! ఆయన ఈ లోకంలో లేడు.

"అయ్యవారూ!" అంటూ కుందమ ఒక్క దూకు దూకి ఆయన జబ్బ పట్టి ఈడ్చింది. ఆ ఊపులో ఆమె మొహం పల్లకివైపు తిరిగింది.

పల్లకిలోంచి ముసలిగొంతు కెవ్వుమంది. "అదిగో! కాళ్ళు పైకి పెట్టి, తల కిందకి వేలాడేసి, నన్నే చూస్తోంది! ఆడపిల్ల! పచ్చరవిక!"

మాంత్రికుడు దున్నపోతు మీదనుంచి దిగాడు. "దొరికింది" అన్నాడు చాలా సంతోషంగా.

కుందమ తేలిగ్గా దొరికే పిల్ల కాదు. ఒక భటుడి భుజం మీద కాలు పెట్టి, ఇంకొకడి తలపాగా మీదుగా చాపపందిరి ఎక్కి, అక్కడినుంచి జెండాకర్ర అందుకుంది. ఆమె వెనక ఎక్కిన భటులు ముగ్గురూ పందిరితో సహా మిఠాయికొట్టు గంగాళంలో పడ్డారు. చివరికి మాంత్రికుడు ఏదో గొణిగి చిటిక వేస్తే జెండాకర్ర పాములా మెలికలు తిరిగి ఆమెని నేలమీద దించింది. వల వేసి పట్టుకున్నారు.

"అయ్యవారూ, పారిపోండి!" అని అరిచింది వలలోంచి. "ఏ చుక్క దగ్గరా ఆగకండి!"

మాంత్రికుడు చేతులెత్తి చాటించాడు. "ఘోరాక్షుడి మాట వినండి! దీని దిష్టివల్లే రాజమాతకి తలకిందుల భూతాలు కనబడుతున్నాయి. ఊరేగింపు కోటగుమ్మం చేరాక, పొద్దు వాలేలోపల, దీని కళ్ళు తీసి ఈ దీపంలో వేస్తాను. దీపం వెలుగుతుంది, మీ దిష్టి పోతుంది!"

సోమిదేవుడు అప్పటికే ఒక గుమ్మడికాయల గుట్టలో దూరి ఉన్నాడు.  తను ఆ చుక్కల దగ్గర ఆగకపోతే ఆ పిల్ల ఇటు తిరిగేదే కాదు. గాలిలో తాడు మీద నడిచే పిల్లకి కళ్ళు లేకపోతే ఇంకేముంది?

"నా కాయలు చితకకొడుతున్నావు, లే!" అంది ఒక గొంతు. గుమ్మళ్ళ పేరమ్మ, మొహం నిండా ముడతలు, నడుముకి బుట్ట. "భటులు వెతికేది నిన్నేనా?"

"నన్నే. అమ్మా, ఒక్కమాట చెప్పు. మీ రాజమాతకి ఆ భూతాలు పల్లకిలోనే కనబడతాయా, ఇంట్లో కూడానా?"

పేరమ్మ తెల్లబోయింది. "ప్రాణంమీదికి వస్తే ఎవరైనా దారి అడుగుతారు. నువ్వేమిటి, భూతాల సంగతి అడుగుతావు? పల్లకిలోనే. కిందటి జాతరనుంచి. రాజుగారు యుద్ధానికి వెళ్ళారు కదా, ఆ సందు చూసుకుని ఈ ఎర్రకళ్ళ వాడు చేరాడు. భూతాలని వదలగొడతానని ఆవిడని రోజూ ఊరేగిస్తాడు."

"ఎండ ఉన్నప్పుడు కనబడతాయా, మబ్బు వేసినప్పుడా?"

"ఎండప్పుడే. మబ్బు రోజు ఆవిడ హాయిగా నిద్రపోతుందని బోయీలు చెప్పుకుంటారు."

సోమిదేవుడి మొహం వెలిగిపోయింది. పేరమ్మ చేతులు రెండూ పట్టుకున్నాడు. "నేను ఆ పల్లకి దగ్గరికి పోవాలి."

"బోయీలని తప్ప మగాళ్ళని రానివ్వరు. పల్లకి దించిన చోటల్లా దిష్టి తీయడానికి ముసలమ్మలే పోవాలి. పై మజిలీలో నా వంతే." పేరమ్మ అతని మీసాలవైపు చూసింది. గుమ్మడికాయలు కోసే కత్తివైపు చూసింది. "నీకు నొప్పి ఓర్చుకోవడం వచ్చా?"

కాసేపటికి గుమ్మడికాయల గుట్ట వెనకనుంచి ఒక ముసలమ్మ బయటికి వచ్చింది. మనిషి పొడుగు, చీర పొట్టి. పై పెదవి మీద కత్తిగాట్లు, వాటిమీద పసుపు. చేతిలో గుమ్మడికాయ, దానిమీద కర్పూరం. ఎదురుగా భటులు!

"ఏయ్ ముసలీ, ఒక పిచ్చి పంతులు ఇటు వచ్చాడా?"

"వచ్చాడు నాయనా" అంది ముసలమ్మ బొంగురుగా. "చాలా అందగాడు, గొప్ప తెలివైనవాడు. అటు పోయాడు."

భటులు అటు పరిగెత్తారు. ముసలమ్మ ఇటు పరిగెత్తింది. కుచ్చిళ్ళు ఎగదోపుకుని, సందులు దాటి, నీళ్ళకావిళ్ళవాళ్ళని తప్పించుకుని, మేకలమందలో అడ్డంపడి, చివరికి కోటగుమ్మం ముందరి మైదానంలో దించిన పల్లకి దగ్గరికి రొప్పుతూ చేరింది. పల్లకి వెనక బండి మీద కుందమ కట్టేసి ఉంది. ఆమె ముసలమ్మని చూసింది, పాదాలని చూసింది, కళ్ళు పెద్దవి చేసి నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"పేరమ్మ ఏదీ?" అన్నాడు బోయీల పెద్ద బొల్లయ్య.

"దానికి నడుంనొప్పి. నేను దాని వదినని."

"ఇంత పొడుగు వదిన ఉందని ఎప్పుడూ చెప్పలేదే?"

"పొడుగని సిగ్గుపడి చెప్పదు నాయనా. పక్కకి జరుగు, కర్పూరం ఆరిపోతుంది."

ఘోరాక్షుడు మైదానం అవతల కొలిమి ముందు తలారితో కూర్చుని ఇనుపచువ్వలు ఎర్రబడుతున్నాయో లేదో చూసుకుంటున్నాడు. పడమటి ఎండ పల్లకి ఎడమపక్కన సూటిగా కొడుతోంది. సోమిదేవుడు గుమ్మడికాయ తిప్పుతూ పల్లకి చుట్టూ తిరిగాడు. ఎడమపక్క తోలుమీద వరసగా వెండిమేకులు. వాటిలో పైన ఒకటి లేదు. మేకు ఊడినచోట బెజ్జం, కందిగింజ పట్టేటంత.

ఆ బెజ్జాన్ని చూసి అతను ఎంత మురిసిపోయాడంటే గుమ్మడికాయ జారబోయింది.

"తల్లీ" అన్నాడు మెల్లిగా. "లోపల గోడలకి ఏం గుడ్డ కట్టించారు?"

"తెల్లపట్టు" అంది లోపలినుంచి రాజమాత ముమ్మడాంబ. నీరసం గొంతు. "ఎందుకే అవ్వా? త్వరగా కానీ. వాళ్ళు మళ్ళీ వచ్చేశారు. అదుగో, అందరూ తలకిందులుగా, అటు తిరిగి నిలబడ్డారు."

"మీరు ఏ పక్కకి తిరిగి కూర్చున్నారు?"

"కుడిపక్కకి. ఎడమపక్క బాలీసు ఉంది, దానికి ఆనుకున్నాను."

"అలాగే ఉండండి. తల తిప్పకండి. ఇప్పుడు ఏం కనబడుతోందో చెప్పండి." సోమిదేవుడు ఎడమపక్కన, ఎండలో, బెజ్జానికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. గుమ్మడికాయ నెత్తిన పెట్టుకున్నాడు.

"అమ్మో! కొత్తది వచ్చింది! ముసలిది... కాళ్ళు పైన, తల కింద... తల కింద గుమ్మడికాయ!"

సోమిదేవుడు ఒంటికాలి మీద గంతులు వేశాడు.

"గంతులేస్తోంది! అయ్యో, దాని కుచ్చిళ్ళు ఊడిపోతున్నాయి!"

సోమిదేవుడు కిందకి చూసుకున్నాడు. నిజమే. గబుక్కున చీర పట్టుకున్నాడు. లోపల రాజమాత ఊపిరి బిగబట్టింది.

"పట్టుకుంది" అంది నెమ్మదిగా. "అవ్వా... అది నువ్వేనా?"

"నేనే తల్లీ." సోమిదేవుడు దగ్గరికొచ్చి బెజ్జం మీద వేలు పెట్టాడు. "ఇప్పుడో?"

"చీకటి. ఎవరూ లేరు."

వేలు తీశాడు. "ఇప్పుడు?"

"వచ్చారు."

"అవి భూతాలు కావు తల్లీ. మీ ఊరి జనం. ఎండ వాళ్ళ ఒంటిమీద పడి, ఈ బెజ్జంలోంచి లోపలికి వచ్చి, మీ తెల్లపట్టు మీద వాలుతోంది. తలనుంచి వచ్చే వెలుగు బెజ్జంలో దూరి తిన్నగా కిందకి పోతుంది, పాదాల వెలుగు పైకి పోతుంది. ఇరుకుసందులో ఎదురుపడిన ఇద్దరు పక్కలు మార్చుకుని పోయినట్టు. అందుకే తలకిందులు. మీరు బెజ్జానికి వీపు పెట్టి కూర్చున్నారు. మీ చూపు వీపు చీల్చుకుని బయటికి వచ్చి నన్ను తాకిందా?"

"ఎలా తాకుతుంది?"

"మరి నేను గంతులేయడం ఎలా తెలిసింది? చూపు బయటికి పోలేదు. వెలుగే లోపలికి వచ్చింది. అందరికీ ఎప్పుడూ అంతే. ఆ బండి మీది పిల్ల కూడా మీకేమీ చేయలేదు. ఆమె చూపు మిమ్మల్ని తాకలేదు. ఆమె బొమ్మే మీ దగ్గరికి వచ్చింది."

 లోపలినుంచి చిన్న నవ్వు వినబడింది. ఏడాదిగా నవ్వని మనిషి నవ్వు అది, తుప్పుపట్టిన గొళ్ళెంలా కిర్రుమంది. "ఇన్నాళ్ళూ నా ఊరివాళ్ళని చూసి భయపడి చచ్చానన్నమాట! అవ్వా, ఇంకోసారి గంతెయ్యి."

"అవ్వ గంతులు వేయదు" అన్నాడు వెనకనుంచి ఘోరాక్షుడు. "అవ్వకి పిక్కల మీద ఇంత వెంట్రుకలేమిటి?"

భటులు దూకి పట్టుకున్నారు. ముసుగు ఊడింది, పిలక బయటపడింది. బొల్లయ్య, "నేను అప్పుడే అనుకున్నాను" అన్నాడు, ఏమీ అనుకోకపోయినా.

"ఘోరాక్షా, అతన్ని ఏమీ చేయకు" అంది రాజమాత లోపలినుంచి. "ఆ పిల్లనీ వదిలెయ్యాలేమో అనిపిస్తోంది. నేను ఆలోచించుకోవాలి."

"తమ ఆజ్ఞ" అని మాంత్రికుడు నడుం వంచాడు. గొంతులో తేనె. "తమరు ఆలోచించుకునేదాకా నేను శాంతిమంత్రం చదువుతాను. అందరూ అటు తిరగండి! ఒక్కరు ఇటు చూసినా మంత్రం చెడుతుంది."

మైదానమంతా వీపులైంది. భటులు కూడా తిరిగారు. సోమిదేవుడి మెడ పట్టి కోటగోడ వైపు తిప్పి, మొహం రాయికి ఆనించి నిలబెట్టారు. అతనికి రాళ్ళసందుల్లో నాచు తప్ప ఏమీ కనబడలేదు. చెవులు మాత్రం నిక్కబొడుచుకున్నాయి. మాంత్రికుడు మంత్రం చదువుతున్నాడు. మంత్రం వెనక కొలిమిలో బొగ్గులు చిటపటమన్నాయి. ఇనుపచువ్వ బయటికి లాగిన చప్పుడు. ఎవరో మెత్తగా అడుగులు వేస్తూ బండివైపు పోతున్నారు.

"కుందమ్మా!" అని అరవబోయాడు. భటుడు నోరు నొక్కేశాడు.

బండి కిర్రుమంది.

"ఆపు!" పల్లకిలోంచి వచ్చిన కేకకి కోటమీది పావురాలన్నీ లేచిపోయాయి. "ఘోరాక్షా! మంత్రం చదువుతూ ఎడమచేత్తో తలారికి సైగ చేస్తావా? చువ్వ తియ్యమని, బండి ఎక్కమని, కళ్ళవైపు వేలు చూపిస్తావా? నేను చూస్తూనే ఉన్నాను!"

"అబద్ధం!" మాంత్రికుడు గట్టిగా నవ్వాడు. "విన్నారా జనులారా? బెజ్జంలో కనబడేదంతా మాయ! నేను ఎడమచెయ్యి ఎత్తనే లేదు. నేను సైగ చేసింది కుడి..."

అక్కడ నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.



"అయ్యో తల్లీ!" భటుడి చెయ్యి విదిలించుకుని సోమిదేవుడు అరిచాడు. "పట్టుమీద కుడి ఎడమలు కూడా మారతాయి! చెప్పడం మరిచిపోయాను!"

"మరిచిపోయి మేలు చేశారు!" అని బండి మీదనుంచి కుందమ అరిచింది.

అంతే, బొల్లయ్య గొంతులోంచి ఒక నవ్వు తన్నుకొచ్చింది. ఆ పక్కవాడు అందుకున్నాడు. గోడవైపు తిరిగి నిలబడ్డ జనమంతా వీపులు ఊగిపోయేలా నవ్వారు. తలారి చేతిలోని చువ్వ నేలమీద పారేసి, "నాకు సైగ చేస్తే నేను వచ్చాను, నాదేం తప్పు లేదు" అని బండి వెనక నక్కాడు.

అప్పుడు నల్ల పల్లకి పరదా కదిలింది. లోపలినుంచి ఒక ముడతల చెయ్యి, ఒక చేతికర్ర, తరవాత తెల్లచీర కట్టుకున్న పొట్టి ముసలావిడ బయటికి వచ్చారు. ఎండ మొహాన కొడితే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇటు తిరగండర్రా" అంది.

ఎవరూ తిరగలేదు. పుట్టినప్పటినుంచి తిరగకూడదని నేర్చుకున్నవాళ్ళు ఒక్క మాటకి ఎలా తిరుగుతారు? మెడలు బిగుసుకుపోయాయి. పిల్లలు తల తిప్పబోతే తల్లులు పట్టుకున్నారు.

చివరికి గుంపులోంచి గుమ్మళ్ళ పేరమ్మ తిరిగింది. తన పాతచీర కోసం వెతుక్కుంటూ అప్పుడే వచ్చింది ఆమె. రాజమాతని పైనుంచి కిందదాకా తీరిగ్గా చూసింది.

"చిక్కిపోయావమ్మా" అంది. "తిండి సరిగ్గా తినడం లేదా?"

రాజమాత కరిగిపోలేదు, కాలిపోలేదు. "పళ్ళు పోయాయి పేరమ్మా, ఏం తింటాను?" అంది. ఒక్కొక్కరే తిరిగారు. ముందు ఒక కన్ను తెరిచారు, తరవాత రెండోది. ఎవరో ఒకావిడ తన పక్కనున్న మొగుణ్ణి కూడా పట్టపగలు మొదటిసారి పరీక్షగా చూసి ఉలిక్కిపడింది.

కుందమ కట్లు తానే సగం విప్పుకుంది. మిగతావి బొల్లయ్య కోశాడు. ఆమె బండి దిగి వచ్చి సోమిదేవుడి ముందు నిలబడింది.  ఆమె కళ్ళు రెండూ నీళ్ళు నిండి, క్షేమంగా, తళతళలాడుతున్నాయి.

"మీసం లేకపోతే మీరు మా మేనత్తలా ఉన్నారు అయ్యవారూ" అంది.

అంతలో పెద్ద ఉరుము. ఘోరాక్షుడు మెడలో దీపం తెంపి పల్లకి మీద విసిరి కొట్టాడు. "ఆ పిల్ల కళ్ళు దక్కకపోతే, రాజమాత కళ్ళు దక్కుతాయి!" అని గర్జించాడు. నల్ల పల్లకి ఒళ్ళు విరుచుకుంది. మఖమలు పరదాలు ఫెళఫెళమని విచ్చుకుని రెక్కలయ్యాయి, వెండిమేకులు పళ్ళయ్యాయి, బోయీలు మోసే బొంగుకర్ర ముందుభాగం మూతిలా సాగింది. కొండంత గబ్బిలం! మాంత్రికుడు రాజమాత నడుం పట్టి దాని మెడమీదికి ఎగిరి కూర్చున్నాడు. గబ్బిలం ఒక్క విసురుకి కోటబురుజు ఎత్తుకి లేచింది.

"చూస్తారేం, పట్టుకోండి!" అంటూనే కుందమ పరిగెత్తింది. భటుడి భుజం, బండి అంచు, బురుజు మెట్టు, జెండాకర్ర కొస. అక్కడినుంచి గాలిలోకి ఒక్క దూకు. వెనక వేలాడుతున్న బొంగుకర్ర ఆమె చేతికి అందింది. ఆమె నడుంగుడ్డ సోమిదేవుడి చేతికి అందింది. ఎలా అందిందో, తను ఆ బురుజు ఎప్పుడు ఎక్కాడో అతనికే తెలియదు. కాళ్ళ కింద నేల మాత్రం లేదు.

పైన రాజమాత చేతికర్రతో మాంత్రికుడి నెత్తిమీద ఎడాపెడా వాయిస్తోంది. గబ్బిలం ఉత్తరానికి తిరిగింది. దూరాన మబ్బుల్లోంచి అంధశైలం, ఘోరాక్షుడి నల్లటి కొండ, గుహ నోరు తెరుచుకుని దగ్గరకొస్తోంది.

"అయ్యవారూ, నేను కర్రమీదుగా పైకి పాకుతాను, వదలకండి!" అని అరిచింది కుందమ గాలిహోరులో. "కళ్ళు మూసుకోండి! కిందకి చూశారంటే పడిపోతారు!"

"మూసుకోను గాక మూసుకోను!" అని అరిచాడు సోమిదేవుడు, పొట్టి చీర గాలికి టపటపలాడుతుంటే.

చూశాడు. చాపలు కట్టిన మేడలు, మసిపూసిన తోరణాలు అన్నీ చిన్నవైపోతున్నాయి. వాటి నడుమ మైదానం నిండా, బజారు నిండా, మిద్దెల నిండా జనం చేతులు ఊపుతూ తమకేసే చూస్తున్నారు. ఊరు ఊరంతా మొహాలే, ఒక్క వీపు కూడా లేదు.